మీ ఊరి ‘సొసైటీ’కి మూలపురుషుడు ఓ జర్మన్ మేయర్... ఎవరీ రైఫైజెన్?

యూరియా సీజన్ వచ్చిందంటే టీవీల్లో ఒక దృశ్యం కనిపిస్తుంది. సహకార సంఘం గోడౌన్ ముందు రైతులకు బదులు వాళ్ల చెప్పులు క్యూలో ఉంటాయి. నగరంలో ఉంటున్న చాలామందికి ‘సొసైటీ’ అనగానే గుర్తొచ్చేది ఆ క్యూనే. లేదంటే రుణమాఫీ జాబితా. ఊళ్లో దాన్ని కొందరు సింగిల్ విండో అంటారు. కాగితాల మీద పేరు ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం, పొట్టిగా ప్యాక్స్.

ఈ సంఘాలకు నమూనా ఇచ్చిన మనిషి మన దేశానికి ఎప్పుడూ రాలేదు. ఆయన బ్యాంకరు కాదు, ఆర్థికవేత్త అంతకన్నా కాదు. జర్మనీలో రాళ్లూ అడవీ తప్ప పెద్దగా పంట పండని ఓ కొండ ప్రాంతంలో 20 ఏళ్లు మేయర్‌గా పనిచేశారు. పేరు ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ రైఫైజెన్. మన సొసైటీలు ఎందుకిలా ఉన్నాయో, అసలు ఎలా ఉండాల్సిందో అర్థం కావాలంటే ఆయన కథ తెలియాలి.

ఎవరీ రైఫైజెన్?

1818 మార్చి 30న సీగ్ నది ఒడ్డున ఉన్న హామ్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. ఆ ప్రాంతాన్ని వెస్టర్‌వాల్డ్ అంటారు. అప్పట్లో అది ప్రష్యా రాజ్యంలో భాగం. ఇంట్లో తొమ్మిది మంది పిల్లలు, ఈయన ఏడోవాడు. తండ్రి కొంతకాలం ఆ ఊరి మేయర్‌గా చేశారు. కానీ సంసారం త్వరగానే చితికిపోయింది. బరువంతా తల్లి మీద పడింది. పెద్ద చదువులకు డబ్బు లేదు. ఊరి బడి, ఆ తర్వాత చర్చి పాస్టర్ చెప్పిన పాఠాలు... చదువు అంతటితో సరి.

17 ఏళ్లకే సైన్యంలో చేరారు. ఫిరంగి దళంలో పని. మంచి ఉద్యోగమే, పైకి వచ్చే అవకాశమూ ఉంది. కానీ కంటి జబ్బు వచ్చి 1843లో సైన్యం వదలాల్సి వచ్చింది. ఆ జబ్బు ఆయన్ను జీవితాంతం వదల్లేదు. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగిరీ నేర్చుకుని, 1845లో 26 ఏళ్ల వయసులో వైయర్‌బుష్ అనే చోట మేయర్ అయ్యారు.

మేయర్ అంటే మన హైదరాబాద్, విశాఖ మేయర్లలా ఊహించుకోవద్దు. ఇరవైకి పైగా పల్లెలకు కలిపి ఒక మేయర్. పన్నుల లెక్క, బడి, దారులు, పేదల ఆలనాపాలనా అన్నీ ఆయన బల్ల మీదికే వచ్చేవి. మన తహసీల్దారు, ఎంపీడీవో పనులు రెండూ ఒక్కరికే అప్పగించినట్టు అనుకోండి.

1846 చలికాలంలో ఏం జరిగింది?

మేయర్ అయిన మరుసటి ఏడాదే కరవు. యూరప్ అంతటా బంగాళాదుంపకు తెగులు తగిలింది. 1846లో ధాన్యం కూడా దెబ్బతింది. వెస్టర్‌వాల్డ్ పల్లెల్లో పేదవాడి తిండి అంటే ఆ దుంపా, ఆ రొట్టే. రెండూ లేవు. చలికాలం వచ్చేసరికి జనం పస్తులు.

ప్రభుత్వం పిండి పంపింది. పంపుతూ ఒక షరతు పెట్టింది. రొక్కం ఇచ్చినవాళ్లకే అమ్మాలి. డబ్బే ఉంటే వాళ్లకు ఆకలెందుకు? ఈ ప్రశ్న వేయడానికి అర్థశాస్త్రం అక్కర్లేదు గానీ, వేసినందుకు ఉద్యోగం పోయే ప్రమాదం మాత్రం ఉంది. రైఫైజెన్ ఆ షరతును పక్కన పెట్టారు. చేతిలో డబ్బు లేనివాళ్లకు అప్పు మీద పిండి ఇప్పించారు.

అంతటితో ఆగితే అది ఒక మంచి అధికారి కథ అయ్యేది. ఆయన ఇంకో అడుగు వేశారు. కాస్త కలిగిన కుటుంబాల దగ్గరికి వెళ్లి తలా కొంత డబ్బు పోగుచేశారు. దానికి రొట్టెల సంఘం అని పేరు. ఆ నిధితో బయటి నుంచి ధాన్యం కొన్నారు. ఊళ్లోనే ఉమ్మడిగా ఒక రొట్టెల పొయ్యి కట్టించారు. బయటి ధర కంటే తక్కువకు రొట్టె, అదీ ప్రామిసరీ నోటు మీద. పంట చేతికొచ్చాక బాకీ తీర్చాలి. విత్తనానికి దుంపలూ అలాగే ఇచ్చారు. బాకీలు వసూలయ్యాయి, సంఘంలో డబ్బు పెట్టినవాళ్లు మునిగిపోలేదు.

పేదవాడికి అప్పిస్తే తిరిగి రాదన్నది ఆనాటి కలిగినవాళ్ల గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి మొదటి దెబ్బ ఆ పొయ్యి దగ్గరే తగిలింది.

ముందు బడి, రోడ్డు

సహకార ఉద్యమం గురించి రాసేవాళ్లు ఎక్కువగా రైఫైజెన్ సంఘాల దగ్గరే ఆగిపోతారు. కానీ ఆయన పనిలో సగం మన పంచాయతీ ఇంజినీర్లు చేసే పనే. వైయర్‌బుష్‌లో కొత్త బడి కట్టించారు. తర్వాత రోడ్డు మీద పడ్డారు.

ఆ పల్లెల్లో ఏం పండించినా అమ్ముకోవాలంటే రైన్ నది ఒడ్డున ఉన్న పట్టణాలకు చేరాలి. వానాకాలం బండి చక్రం దిగబడితే ఇక అంతే. దాంతో సరుకు ఊళ్లోకి వచ్చిన వ్యాపారికే, అతను చెప్పిన ధరకే. మన దగ్గర కళ్లం దగ్గరే ధాన్యం తెగనమ్ముకునే రైతు పరిస్థితి ఇదే. రైఫైజెన్ తాను మేయర్‌గా ఉన్న ప్రాంతాలను ఒక్కొక్కటిగా కలుపుతూ రైన్ లోయ వరకు దారి వేయించారు. హామ్ నుంచి నోయ్‌వీడ్ వరకు ఆ దారిని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఆవు ఎవరిది?

1848లో ఆయన్ను పక్కనే ఉన్న ఫ్లామర్స్‌ఫెల్డ్‌కు బదిలీ చేశారు. ఇంకా ఎక్కువ పల్లెలు, ఇంకా ఎక్కువ పేదరికం. ఇక్కడ ఆయన గమనించిన సమస్య పశువుల వడ్డీ.

చిన్న రైతుకు ఆవు కావాలి. పాలకు, పేడకు, నాగలికి దానిమీదే ఆధారం. కొనే స్తోమత లేదు. పశువుల వ్యాపారి అరువు మీద ఇస్తాడు, లేదా మన పల్లెల్లో గొడ్డును పాలుకు ఇచ్చినట్టు ఇస్తాడు. మేపే పని రైతుది, పుట్టిన దూడలో వాటా వ్యాపారిది. బాకీ ఒక వాయిదా తప్పితే ఆవును తోలుకుపోతాడు. అప్పటికీ తీరకపోతే పొలం మీదికి వస్తాడు. ఏళ్ల తరబడి మేపినా కొట్టంలో ఆవు ఎప్పటికీ తనది కాదు.

1849 డిసెంబర్‌లో రైఫైజెన్ సుమారు 60 మంది కలిగినవాళ్లను కూర్చోబెట్టి ఒక సహాయ సంఘం పెట్టించారు. వాళ్లు డబ్బు దానం చేయలేదు. అందరూ కలిసి పూచీ ఇచ్చారు. ఒకరి ఆస్తి చూసి అప్పివ్వని సంస్థలు, 60 మంది ఉమ్మడి పూచీ చూసి తక్కువ వడ్డీకి ఇచ్చాయి. ఆ డబ్బుతో సంఘమే ఆవులు కొని పేద రైతులకు ఇచ్చింది. ఐదేళ్లలో వాయిదాల మీద కట్టాలి. కొన్నాళ్లకు పశువులతో పాటు నగదు అప్పులూ మొదలయ్యాయి.

డ్వాక్రా గ్రూపు గురించి తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ఒక్కరికి ఇవ్వని బ్యాంకు పది మందికి కలిపి ఇస్తుంది, ఎందుకంటే ఒకరు ఎగ్గొడితే మిగతా తొమ్మిది మంది ఊరుకోరు. తేడా ఒక్కటే. ఫ్లామర్స్‌ఫెల్డ్‌లో పూచీ ఇచ్చింది ఉన్నవాళ్లు, అప్పు తీసుకుంది లేనివాళ్లు. ఈ తేడా దగ్గరే రైఫైజెన్ తర్వాత పదేళ్లు తిప్పలు పడ్డారు.

దానం ఎందుకు నిలవలేదు?

1852లో హెడ్డెస్‌డార్ఫ్‌కు వెళ్లారు. ఇది నోయ్‌వీడ్ పట్టణాన్ని ఆనుకుని ఉండేది, తర్వాత అందులోనే కలిసిపోయింది. ఇక్కడ రైతులతో పాటు కూలీలు, చిన్న చేతివృత్తుల వాళ్లూ ఉన్నారు. 1854లో ఇక్కడా ఒక సంఘం పెట్టారు. ఈసారి జాబితా చాలా పెద్దది. దిక్కులేని పిల్లల పెంపకం, జైలు నుంచి విడుదలైనవాళ్లకు పని, జనానికి గ్రంథాలయం, పశువులకు అప్పు, నగదు అప్పు.

నిజం చెప్పాలంటే, ఇవాళ ఏదైనా స్వచ్ఛంద సంస్థ ఇంత పెద్ద జాబితాతో వస్తే మా డెస్క్‌లో కూడా అనుమానంగానే చూస్తాం. అక్కడా అదే అయింది. కరవు ఏడాది ఆకలి కళ్ల ముందుంది కాబట్టి కలిగినవాళ్లు ముందుకొచ్చారు. ఏళ్లు గడిచేకొద్దీ ఉత్సాహం చల్లబడింది. తమకు ఏ లాభమూ లేని పనికి తమ ఆస్తిని పూచీగా ఎంతకాలం పెడతారు? ఒక్కొక్కరే జారుకున్నారు. పిల్లలు, ఖైదీల పనులు మూలనపడ్డాయి. అప్పుల పని ఒక్కటే మిగిలింది.

ఇక్కడే ఆయన తన నమ్మకాన్ని మార్చుకోవాల్సి వచ్చింది. రైఫైజెన్ మతవిశ్వాసం బలంగా ఉన్న మనిషి. ఉన్నవాడు లేనివాడికి చేయాలన్నది ఆయనకు ఊపిరి లాంటిది. అది సరిపోదని ఒప్పుకోవడం ఆయనకు తేలిక కాలేదు. 1864లో హెడ్డెస్‌డార్ఫ్ సంఘాన్ని రుణ సంఘంగా మార్చారు. కొత్త నియమం చిన్నదే. అప్పు కావాలంటే ముందు సభ్యుడివి కావాలి. సభ్యుడివైతే అందరి బాకీకీ నీకూ పూచీ ఉంటుంది. దాత, గ్రహీత అన్న తేడా పోయింది.

ఆ సంఘం ఎలా పనిచేసేది?

తర్వాతి రెండేళ్లలో ఆ పద్ధతిని పుస్తకంగా రాశారు. 1866లో అచ్చయింది. అందులోని నియమాలను మన ఊరి భాషలో చెప్పుకుంటే ఇలా ఉంటాయి.

సంఘం ఒక ఊరికో, ఒక చర్చి పరిధికో మించి ఉండకూడదు. ఎవరు తాగుబోతు, ఎవరు కష్టజీవి, ఎవరి ఆవు నిరుడు చచ్చిపోయింది అన్నవి సభ్యులందరికీ తెలియాలి. సిబిల్ స్కోరు లేని కాలంలో ఊరి ముచ్చటే స్కోరు. సభ్యులందరికీ అపరిమిత పూచీ, అంటే సంఘం మునిగితే సొంత ఆస్తి కూడా పోతుంది. వినడానికి భయంగా ఉంటుంది గానీ, దాని వల్లే ప్రతి సభ్యుడూ ప్రతి అప్పునూ కళ్లలో వత్తులేసుకుని చూసేవాడు. అప్పు ఎందుకో చెప్పాలి, దానికే వాడాలి. కమిటీలో ఉన్నవాళ్లకు జీతం లేదు, లెక్కలు రాసేవాడికి మాత్రం కొంత ఇస్తారు. లాభం వస్తే పంచుకోరు. అది ఎవరూ ముట్టుకోని నిల్వ నిధిలోకి పోతుంది. ఎంత పొలం ఉన్నా ఒక మనిషికి ఒక ఓటు.

అప్పులతో పాటు ఎరువులు, విత్తనాలు, బొగ్గు ఉమ్మడిగా కొనడం కూడా ఈ సంఘాలే చేసేవి. మీ ఊరి సొసైటీలో ఒక గదిలో అప్పుల రిజిస్టర్, పక్క గదిలో ఎరువుల బస్తాలు ఎందుకుంటాయో ఇప్పుడు తెలిసింది కదా.

చూపు పోయాక

ఈ నియమాలు రాసే నాటికి రైఫైజెన్ ఇల్లు దెబ్బ మీద దెబ్బ తింటోంది. 1863లో భార్య ఎమిలీ చనిపోయారు. తనకు టైఫస్ వచ్చింది. కళ్లు దాదాపు పోయాయి. 1865లో, 47 ఏళ్లకే, మేయర్ పదవి నుంచి పంపేశారు. వచ్చే పింఛను ఇల్లు గడవడానికి చాలదు. చుట్టల తయారీ పెట్టారు, సాగలేదు. ఆ తర్వాత ద్రాక్షసారా వ్యాపారం.

ఊళ్లకు ఊళ్లు అప్పుల్లోంచి బయటపడే దారి చెప్పిన మనిషి పగలు సారా అమ్ముకుని, మిగతా సమయమంతా సంఘాలకు ఉత్తరాలు రాశారు. రాశారు అనడం కూడా సరి కాదు. ఆయన చెప్తే రాసింది, వచ్చినవాటిని చదివి వినిపించింది పెద్ద కూతురు అమాలీ. పుస్తకం రాతలోనూ ఆమె చెయ్యి ఉంది. సహకార ఉద్యమ చరిత్రల్లో ఆమెకు దక్కేది చాలాసార్లు ఒక్క వాక్యమే. ఇక్కడా అంతకంటే ఎక్కువ రాయలేకపోతున్నాం.

ఊరి సంఘాలు పెరిగాక ఇంకో చిక్కు వచ్చింది. ఒక ఊళ్లో డబ్బు మిగులుతుంది, పక్క ఊళ్లో చాలదు. వానలు పోతే ఒక ప్రాంతంలో అందరికీ ఒకేసారి అప్పు కావాలి. అందుకని సంఘాలన్నింటికీ కలిపి 1872లో నోయ్‌వీడ్‌లో ఒక బ్యాంకు పెట్టించారు. సంఘాలే సభ్యులుగా ఉన్న సంఘం చట్టానికి సరిపడదని వివాదం రేగడంతో, 1876లో కంపెనీ రూపంలో కేంద్ర రుణ సంస్థను నెలకొల్పారు. ఊళ్లో సంఘం, పైన జిల్లా సహకార బ్యాంకు, ఆపైన రాష్ట్ర సహకార బ్యాంకు అని మనకున్న మెట్ల వరసకు మూలం ఈ ఆలోచనే.

అందరూ మెచ్చుకున్నారా?

లేదు. పట్టణాల్లో చేతివృత్తుల వాళ్లకు రుణ సంఘాలు పెట్టిన హెర్మన్ షుల్జ్-డెలిచ్ ఈయనతో గట్టిగా తగువు పడ్డారు. సభ్యుడు వాటా సొమ్ము పెట్టాలి, లాభంలో భాగం తీసుకోవాలి, అప్పు కొద్ది నెలల్లో తిరిగి రావాలి అన్నది ఆయన పద్ధతి. డిపాజిటర్ ఎప్పుడైనా డబ్బు అడగొచ్చు, మీరు ఐదేళ్లకు, పదేళ్లకు అప్పిచ్చి కూర్చుంటే ఎలా అన్నది ఆయన ప్రశ్న. బ్యాంకింగ్ లెక్కన అది న్యాయమైన ప్రశ్నే. కానీ ఆవుకు పెట్టిన డబ్బు మూడు నెలల్లో తిరిగి రాదు కదా. చివరికి చట్టం ఒత్తిడికి రైఫైజెన్ కొంత తగ్గి, నామమాత్రపు వాటా పెట్టించారు.

ఇంకో విషయం దాచకూడదు. పశువుల వ్యాపారులు, వడ్డీ వ్యాపారులపై ఆయన కోపం కొన్ని రాతల్లో యూదులందరి మీద ద్వేషంగా మారింది. ఆ కాలపు జర్మనీలో అది మామూలే అని సర్దిచెప్పడం తేలిక. అలాంటి మామూలు మాటలు తర్వాత ఎక్కడికి దారితీశాయో తెలిసిన మనం మాత్రం దాన్ని మర్యాదగా దాటేయలేం.

1888 మార్చి 11న, 70వ పుట్టినరోజుకు మూడు వారాల ముందు, హెడ్డెస్‌డార్ఫ్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయన సమాఖ్యలో 400కు పైగా సంఘాలున్నాయి.

మద్రాసుకు ఎలా వచ్చింది?

ఇక్కడ పల్లెల్లో వడ్డీ వ్యాపారి పెత్తనం ఆనాటి ప్రభుత్వానికి తలనొప్పిగా మారింది. 1875లో దక్కన్ రైతులు పుణె చుట్టుపక్కల వడ్డీ వ్యాపారుల ఖాతా పుస్తకాలు తగలబెట్టారు. 1892లో మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే ఐసీఎస్ అధికారిని రైతు బ్యాంకులపై అధ్యయనానికి నియమించింది. యూరప్ పద్ధతులన్నీ చూసి 1895లో, 1897లో రెండు భాగాలుగా నివేదిక ఇచ్చారు. వేల మాటల ఆ నివేదిక చివరికి తేల్చింది ఒక్కటే. ఇక్కడి పల్లెలకు కావాల్సింది రైఫైజెన్ లాంటి మనిషి అని.

1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి. చిన్న పరిధి, పల్లె సంఘాలకు అపరిమిత పూచీ, నిల్వ నిధి... నియమాల్లో వెస్టర్‌వాల్డ్ స్పష్టంగా కనిపిస్తుంది. ఒక్క పాత్ర మాత్రం కొత్తది: ప్రభుత్వం నియమించే రిజిస్ట్రార్. అక్కడ ఊరు సంఘాన్ని పెట్టుకుంది. ఇక్కడ సర్కారు ఊళ్లో సంఘాన్ని పెట్టింది.

అర్ధశతాబ్దం తర్వాత రిజర్వ్ బ్యాంక్ చేయించిన గ్రామీణ రుణ సర్వేలో, 1951-52లో రైతు అప్పుల్లో సహకార సంఘాల వాటా సుమారు 3 శాతమే అని తేలింది. దానికి విరుగుడుగా ప్రభుత్వమే సంఘాల్లో వాటాదారు అయింది. డబ్బుతో పాటు పెత్తనమూ వచ్చింది. అపరిమిత పూచీ పోయి పరిమిత పూచీ వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1987లో సింగిల్ విండో పేరుతో సంఘాలను పునర్‌వ్యవస్థీకరించారు. ఒక ఊరి సంఘం కాస్తా అనేక ఊళ్ల సంఘం అయింది. పక్క ఊరి రైతు ఆవు సంగతి ఈ ఊరి సభ్యుడికి తెలిసే అవకాశం అక్కడితో తగ్గిపోయింది.

అన్నీ అలాగే అయ్యాయనీ కాదు. ఇప్పటి హన్మకొండ జిల్లాలోని ముల్కనూరులో 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి నాయకత్వంలో మొదలైన సంఘం సభ్యుల పొదుపు మీద నిలబడి అప్పులు, ఎరువులు, విత్తనాలు, బియ్యం మిల్లు దాకా వెళ్లింది. ప్రభుత్వ వాటా తీసుకోని సంఘాలు స్వతంత్రంగా నడిచేలా 1995లో దేశంలోనే మొదటగా చట్టం చేసింది కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశే.

ఇప్పుడు ఏం జరుగుతోంది?

2021లో కేంద్రంలో సహకారానికి విడిగా మంత్రిత్వ శాఖ వచ్చింది. 2022లో 63 వేల ప్యాక్స్‌ల కంప్యూటరీకరణకు రూ. 2,516 కోట్లతో పథకం ఆమోదించారు. పెట్రోలు బంకు, జన ఔషధి దుకాణం, మీసేవ తరహా కేంద్రం... ఇలా పాతికకు పైగా పనులు చేసుకునేలా నమూనా నిబంధనలూ ఇచ్చారు. 1854 నాటి హెడ్డెస్‌డార్ఫ్ జాబితా చదివినవాళ్లకు ఇది ఎక్కడో చూసినట్టే ఉంటుంది.

అయితే సభ్యుడి మాట చెల్లాలంటే కమిటీకి ఎన్నిక జరగాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఏళ్ల తరబడి ఎన్నికలు లేకుండా నామినేట్ చేసిన త్రిసభ్య కమిటీలతోనే సంఘాలు నడిచాయి.

మీ అమ్మానాన్నలకు ఊరి సొసైటీలో సభ్యత్వం ఉంటే, ఈసారి ఊరెళ్లినప్పుడు రెండు విషయాలు చూడండి. ఒకటి, షేరు పత్రంలో నామినీ పేరు ఉందా అన్నది. సభ్యుడు చనిపోతే ఆ వాటా నామినీకో, వారసులకో దక్కాలి. చాలా ఇళ్లలో ఆ కాగితం ఎక్కడుందో కూడా తెలియదు. రెండోది సర్వసభ్య సమావేశం. సంఘం జమాఖర్చులు, ఆడిట్ నివేదిక అక్కడ సభ్యుల ముందు పెట్టాలి. నోటీసు ఎప్పుడు వచ్చిందో, ఎవరెవరు వెళ్లారో అడగండి. ఐదెకరాలున్న సభ్యుడికైనా, అరెకరం ఉన్న సభ్యుడికైనా అక్కడ ఉండేది ఒక్క ఓటే.